గూగుల్ మొహం చాటేస్తే...

"అన్నయ్యా, షాపు తెరిచే ఉంది. వీధిలోనే మనుషుల్లేరు."

దసరాకి మూడు వారాల ముందు, రాత్రి పదకొండు దాటాక మా పిన్ని కూతురు ఫోన్ చేసి అన్న మాట ఇది. నిజానికి తనది వీధిలో షాపేం కాదు. రాజమండ్రిలో ఇంటి కింద పోర్షన్ నిండా ఇనప పెనాలు, మూకుళ్ళు, రాతిచిప్పలు, ఇత్తడి గిన్నెలు పెట్టుకుని సొంత వెబ్‌సైట్‌లో అమ్ముతుంది. మొదలుపెట్టి ఆరేళ్ళయింది. ఇద్దరు ఆడవాళ్ళు ప్యాకింగ్‌కి వస్తారు.

పండగల కోసమని ముద్ర లోన్ డబ్బుతో సరుకు దింపేసింది. దసరా, దీపావళి, ఆ వెంటనే కార్తీక మాసం వనభోజనాలు. ఏడాది అమ్మకాల్లో దాదాపు సగం ఈ రెండున్నర నెలల్లోనే. సరిగ్గా ఆ టైమ్‌లోనే గూగుల్ నుంచి వచ్చే జనం మూడో వంతుకి పడిపోయారు. రోజుకి పన్నెండు దాకా వచ్చే ఆర్డర్లు ఆరుకి దిగాయి.

"రేపు పొద్దున ఒకళ్ళకి అడ్వాన్స్ పంపుతున్నా. నలభై వేలు. ముప్ఫై రోజుల్లో ఫస్ట్ పేజీ గ్యారంటీ అంటున్నారు. ఇంకొకాయన ఏఐతో మూడొందల వ్యాసాలు రాయించి పెడతానంటున్నాడు. ఏది బెటర్?"

ఒక్క రోజు ఆగమన్నాను. ఆగమనే హక్కు నాకు కొంచెం ఉంది, బాధ్యత అంతకంటే ఎక్కువ ఉంది. ఎందుకంటే ఐదేళ్ళ క్రితం "పెనాలు అమ్మడమే కాదు, పెనాల గురించి రాయి, గూగులే జనాన్ని తెచ్చి పెడుతుంది" అని చెప్పింది నేనే. తను ఇంగ్లీషులో రాసింది. కొత్త ఇనప పెనాన్ని సీజనింగ్ ఎలా చేయాలి, తుప్పు పడితే ఏం చేయాలి, ఇత్తడి గిన్నెకి కళాయి ఎందుకు వేయించాలి... ఇలా అరవై దాకా. జనం వచ్చారు. వస్తూనే ఉన్నారు. ఇప్పుడు మానేశారు.

ఆన్‌లైన్‌లో ఏదో ఒకటి అమ్ముకునేవాళ్ళు, వెబ్‌సైట్ మీద బతికేవాళ్ళు మీలో చాలామందే ఉన్నారు. ఈ దెబ్బ ఇవాళ కాకపోతే రేపు మీకూ తగలొచ్చు. అందుకే ఆ మర్నాడు మేం చేసింది ఇక్కడ పూసగుచ్చినట్టు చెబుతున్నా.

మందు కంటే ముందు జ్వరం చూడాలి

జనం తగ్గగానే అందరూ చేసే తప్పు ఒకటే. కారణం తెలియకుండా మందు వేసేయడం. గూగుల్ సెర్చ్ కన్సోల్ అని ఒక ఉచిత టూల్ ఉంది. మీ సైట్ గూగుల్‌లో ఎన్నిసార్లు కనబడింది, ఎంతమంది నొక్కారు, ఏ మాట వెతికి వచ్చారు అన్నీ అందులో ఉంటాయి. 16 నెలల లెక్క దాస్తుంది. ఫోన్‌లోనూ తెరుచుకుంటుంది. మా చెల్లెలికి అది ఉందని తెలుసు. ఆఖరిసారి ఎప్పుడు తెరిచిందో గుర్తులేదు.

మొదటి ప్రశ్న: అసలు జనం తగ్గారా, లెక్కే తప్పిందా? గూగుల్ అనలిటిక్స్‌లో తగ్గి, సెర్చ్ కన్సోల్‌లో క్లిక్కులు అలాగే ఉంటే, చాలాసార్లు సైట్‌లో లెక్కపెట్టే కోడ్ ఊడిపోయిందన్నమాట. కౌంటర్ చెడిపోతే గిరాకీ పోయినట్టు కాదు కదా. మా కేసులో రెండింట్లోనూ తగ్గింది. అంటే నిజమే.

రెండో ప్రశ్న: శిక్ష ఏమైనా పడిందా? సెర్చ్ కన్సోల్‌లో 'మాన్యువల్ యాక్షన్స్', 'సెక్యూరిటీ ఇష్యూస్' అని రెండు చోట్లుంటాయి. గూగుల్ మనుషులు చూసి సైట్‌ని తగ్గించినా, సైట్ హ్యాక్ అయినట్టు గూగుల్ పసిగట్టినా అక్కడ రాసి ఉంటుంది. మాకు రెండూ ఖాళీ. సగం ప్రాణం లేచొచ్చింది.

మూడో ప్రశ్న: గ్రాఫ్ ఎలా పడింది? ఇది చాలా ముఖ్యం. మెట్ట మీంచి దూకినట్టు ఒకటి రెండు రోజుల్లో పడిపోతే సాంకేతిక లోపమో, శిక్షో, పెద్ద అప్‌డేటో అయి ఉంటుంది. ఏటవాలుగా నెలల తరబడి జారుతుంటే వెతికే అలవాట్లు మారుతున్నాయనో, పోటీ పెరిగిందనో, ఫలితాల పేజీ రూపమే మారిందనో అనుమానించాలి. ఏటా ఒకే నెలలో తగ్గుతుంటే అది సీజన్. కిందటేడు ఇదే మూడు నెలలతో పోల్చి చూస్తేనే తెలుస్తుంది. పోయిన నెలతో పోలిస్తే తెలియదు. గోంగూర సీజన్‌ని మామిడికాయల సీజన్‌తో పోల్చినట్టుంటుంది.

మా చెల్లెలి గ్రాఫ్‌లో రెండూ ఉన్నాయి. ఏడాదిగా మెల్లగా జారుడు. ఆగస్టు రెండో వారంలో ఒక్కసారి దభీమని పతనం. అంటే ఒక జబ్బు కాదు, రెండు. రెండింటికీ ఒకే మందు వేస్తే ఏదీ తగ్గదు.

మొదటి జబ్బు: పాత అడ్రస్‌లో తాళం

ఆగస్టు రెండో వారంలో ఏం జరిగింది? గూగుల్ తన పెద్ద మార్పులన్నీ 'సెర్చ్ స్టేటస్ డాష్‌బోర్డ్' అనే పేజీలో తేదీలతో సహా పెడుతుంది. ఆ వారంలో అక్కడ కోర్ అప్‌డేట్ ఏదీ లేదు. "మరి నువ్వేమైనా చేశావా?" అనడిగాను.

కాసేపు ఆలోచించి, "సైట్ కొత్తగా చేయించాను కదా" అంది.

దొరికింది. తెలిసిన కుర్రాడే చేశాడు. చూడ్డానికి ముచ్చటగా ఉంది, ఫోన్‌లో వేగంగా తెరుచుకుంటోంది. కానీ ప్రతి పేజీ లింకూ మారిపోయింది. పాత లింకు నొక్కితే 'పేజీ దొరకలేదు' అని వస్తోంది. ఆరేళ్ళుగా గూగుల్ గుర్తుపెట్టుకున్నవి, వంటల గ్రూపుల్లో జనం పంచుకున్నవి, మిగతా సైట్లవాళ్ళు ఇచ్చినవి, అన్నీ పాత లింకులే. ఇల్లు మారి, పాత ఇంటి తలుపు మీద కొత్త అడ్రస్ చీటీ అంటించకుండా వచ్చేసినట్టు.

ఆ చీటీ పేరే 301 రీడైరెక్ట్. ఈ పేజీ శాశ్వతంగా ఫలానా చోటికి మారింది అని బ్రౌజర్‌కీ, గూగుల్‌కీ చెబుతుంది. ఆ ఆదివారం ఇద్దరం కూర్చుని ఒక షీట్‌లో ఎడమ పక్క పాత లింకులు, కుడి పక్క కొత్తవి రాశాం. నూట నలభై చిల్లర. పది అంగుళాల పెనం పాత పేజీ, పది అంగుళాల పెనం కొత్త పేజీకే వెళ్ళాలి. బద్ధకించి అన్నింటినీ హోమ్ పేజీకి మళ్ళిస్తే గూగుల్ చాలాసార్లు వాటిని 'దొరకని పేజీ' కిందే జమకడుతుంది. ఈ మళ్ళింపులు కనీసం ఏడాది ఉంచమని గూగులే చెబుతుంది. ఉంచగలిగితే ఎప్పటికీ ఉంచేయండి, పోయేదేం లేదు.

ఆ కుర్రాణ్ణి తిట్టాల్సిన పని లేదు. సైట్ అందంగా చేయమంది, చేశాడు. పాత లింకుల సంగతేంటని తను అడగలేదు, అతను చెప్పలేదు. మీరు సైట్ మార్పిస్తుంటే డబ్బు ఇచ్చేముందు రెండే రెండు అడగండి. పాత లింకులన్నీ కొత్తవాటికి మళ్ళించావా? సైట్ తయారయ్యేటప్పుడు గూగుల్‌కి కనబడకుండా పెట్టిన 'నోఇండెక్స్' గుర్తు తీసేశావా? ఈ రెండో మరుపు వల్ల మొత్తం సైటే గూగుల్‌లోంచి మాయమవుతుంది.

రెండో జబ్బు: గుమ్మంలోనే జవాబు

ఇక ఏడాదిగా జారుతున్న కథ. ఇక్కడ మూడు అంకెలు పక్కపక్కన పెట్టి చూడాలి. ఇంప్రెషన్స్ అంటే ఫలితాల్లో మీ పేజీ కనబడిన సార్లు. క్లిక్స్ అంటే నొక్కినవి. యావరేజ్ పొజిషన్ అంటే సగటున ఎన్నో స్థానంలో ఉన్నారో.

స్థానం అలాగే ఉండి కనబడటం తగ్గితే, జనం ఆ మాట వెతకడమే తగ్గించారని. గూగుల్ ట్రెండ్స్‌లో చూస్తే తేలిపోతుంది. స్థానమే కిందికి జారితే, మీకంటే వేరేవాళ్ళు మేలనుకుంటోంది గూగుల్. స్థానం అలాగే ఉంది, కనబడటమూ అలాగే ఉంది, నొక్కడం మాత్రం పడిపోయింది అంటే, జవాబు ఫలితాల పేజీలోనే దొరికిపోతోంది.

మా చెల్లెలి వ్యాసాలది అచ్చంగా ఈ మూడో కథ. 'ఇనప పెనం తుప్పు వదిలించడం ఎలా' అన్న వ్యాసం కిందటేడూ మూడో స్థానంలోనే ఉంది, ఇప్పుడూ అక్కడే ఉంది. పైన మాత్రం ఏఐ రాసిన సారాంశం కూర్చుంది. ఉప్పుతో రుద్దండి, కడిగి ఆరబెట్టండి, నూనె రాసి వేడిచేయండి. చదివినవాడు కిందికి రావాల్సిన పనేముంది?

గూగుల్ ఈ ఏఐ ఓవర్‌వ్యూస్‌ని 2024 మే నెలలో అమెరికాలో, ఆగస్టులో మన దేశంలో ఇంగ్లీషు, హిందీల్లో తెచ్చింది. అమెరికాలోని ప్యూ రీసెర్చ్ సెంటర్ 2025 మార్చిలో అక్కడి 900 మంది వాడకాన్ని గమనించి, జులైలో లెక్క బయటపెట్టింది. ఏఐ సారాంశం లేని సెర్చ్‌లలో 15 శాతం సార్లు జనం ఏదో ఒక ఫలితాన్ని నొక్కారు. సారాంశం ఉన్నప్పుడు 8 శాతమే. సారాంశంలోనే ఇచ్చిన లింకుని నొక్కింది 1 శాతం. ఈ అంకెలు అక్కడివే అయినా, మా చెల్లెలి గ్రాఫ్ చెప్పేదీ అదే.

ఈ దెబ్బ చిన్నవాళ్ళకే అనుకోకండి. విద్యార్థులకు హోంవర్క్ సాయం అమ్ముకునే చెగ్ అనే అమెరికా కంపెనీ, ఏఐ సారాంశాల వల్ల తన సైట్‌కి జనం తగ్గిపోయారని 2025 ఫిబ్రవరిలో గూగుల్ మీద కోర్టుకెక్కింది. ఎయిర్ ప్యూరిఫయర్లను స్వయంగా కొని పరీక్షించి రాసే హౌస్‌ఫ్రెష్ అనే చిన్న సైట్, గూగుల్ నుంచి వచ్చే జనంలో 91 శాతం పోయారని 2024లో తనే రాసుకుంది. వాళ్ళ కారణం ఏఐ కాదు, గూగుల్ ర్యాంకింగ్ మార్పులు. కారణం ఏదైతేనేం, పొద్దున లేచేసరికి వీధి ఖాళీ. ఇది కొత్తా కాదు. 2011 ఫిబ్రవరిలో 'పాండా' అనే అప్‌డేట్ వచ్చినప్పుడే, అమెరికాలోని సెర్చ్‌లలో 11.8 శాతం మీద ప్రభావం ఉంటుందని గూగుల్ ప్రకటించింది. అప్పుడూ రాత్రికి రాత్రి కూలిన సైట్లున్నాయి.

ఇన్నాళ్ళూ వెబ్‌సైట్లకీ గూగుల్‌కీ మధ్య ఒక ఒప్పందం ఉన్నట్టు నడిచింది. నేను రాస్తాను, నువ్వు జనాన్ని పంపు. కానీ ఆ ఒప్పందం మీద ఎవరూ సంతకం పెట్టలేదు. మన వైపు మాత్రమే ఒప్పందం అనుకున్నాం.

పోయినవాళ్ళు ఎవరు?

ఇక్కడిదాకా వచ్చాక మా చెల్లెలు గొంతు పూడుకుపోయి, "అయితే ఐదేళ్ళ కష్టం గోదాట్లో కలిసినట్టేనా?" అంది.

అప్పుడు మేం అడగాల్సిన అసలు ప్రశ్న అడిగాం. పోయినవాళ్ళు ఎవరు? జనం మూడింట రెండొంతులు పోతే, ఆర్డర్లు సగమే ఎందుకు పోయాయి? తేడా ఎక్కడుంది?

అనలిటిక్స్‌లో 'ల్యాండింగ్ పేజ్' రిపోర్ట్ ఉంటుంది. ఏ పేజీలోంచి లోపలికి వచ్చినవాళ్ళు కొన్నారో చూపిస్తుంది. కిందటేడు పండగ సీజన్ లెక్క తీశాం. తుప్పు వ్యాసం, సీజనింగ్ వ్యాసం చదవడానికి వచ్చినవాళ్ళలో అప్పటికప్పుడు కొన్నవాళ్ళు వేళ్ళమీద లెక్కపెట్టొచ్చు. వాళ్ళ ఇంట్లో పెనం ఆల్రెడీ ఉంది, అందుకే తుప్పు పట్టింది! కొన్నవాళ్ళంతా మూడు దారుల్లో వచ్చారు. 'పది అంగుళాల ఇనప దోసె పెనం' లాంటి కొనే మాటలు వెతికి సరుకు పేజీలోకి వచ్చినవాళ్ళు. షాపు పేరే టైప్ చేసి వచ్చినవాళ్ళు. ఇదివరకు కొని, మళ్ళీ వచ్చినవాళ్ళు.

అంటే సగం ఆర్డర్లు పోవడానికి ప్రధాన కారణం ఏఐ కాదు, ఆ తాళం వేసిన పాత లింకులు. సరుకు పేజీలు కూడా వాటితోపాటే మాయమయ్యాయి. రాత్రంతా నిద్రపట్టనివ్వని పెద్ద అంకె వేరు, సంసారాన్ని నడిపే చిన్న అంకె వేరు. ఆ రాత్రి నలభై వేలు పంపేసి ఉంటే, పెద్ద అంకెకి మందు కొని చిన్న అంకెని అలాగే వదిలేసేది.

అలాగని వ్యాసాలు దండగ అని కాదు. తుప్పు వ్యాసం చదివి, షాపు పేరు గుర్తుపెట్టుకుని, అక్క పెళ్ళికి ఆరు నెలల తర్వాత వచ్చి కొన్నవాళ్ళు ఉండే ఉంటారు. ఏ రిపోర్టులోనూ వాళ్ళు సరిగ్గా కనబడరు. కొత్తవాళ్ళకి తనని పరిచయం చేసే పని ఆ వ్యాసాలు చేశాయి. ఆ పని ఇప్పుడు ఇంకొకళ్ళు చేయాలి. ఎవరు? అదే మిగిలిన ప్రశ్న.

చేయనివి

ముందు చేయకూడదనుకున్నవి చెబుతాను. ఇవే ఎక్కువ డబ్బు మిగిల్చాయి.

గ్యారంటీ ఏజెన్సీకి వద్దన్నాం. మొదటి స్థానానికి ఎవరూ హామీ ఇవ్వలేరని గూగుల్ తన సొంత పేజీలోనే రాసి పెట్టింది. నిజాయితీగా ఎస్‌ఈవో చేసేవాళ్ళూ ఉన్నారు. వాళ్ళు ముందు మీ సెర్చ్ కన్సోల్ చూపించమంటారు, నెలలు పడుతుందంటారు. ముప్ఫై రోజులనే మాట వినగానే ఫోన్ పెట్టేయండి. అలాంటివాళ్ళు చేసే పని చాలాసార్లు ఎక్కడెక్కడో పనికిరాని సైట్లలో లింకులు కొనిపెట్టడం. అలాంటి లింకుల మీద గూగుల్ 2012 ఏప్రిల్‌లోనే 'పెంగ్విన్' అప్‌డేట్‌తో విరుచుకుపడింది.

ఏఐ రాసే మూడొందల వ్యాసాలూ వద్దన్నాం. 2024 మార్చిలో గూగుల్ తెచ్చిన స్పామ్ నియమాల ప్రకారం, ర్యాంకు కోసమే పేజీలు కుప్పలుగా పోస్తే తప్పే. రాసింది మనిషా, మెషీనా అని చూడదు. అదలా ఉంచినా, ఏఐ జవాబు వల్ల పోయిన జనాన్ని అదే ఏఐ జవాబుని ఇంకో పేజీలో పెట్టి వెనక్కి తేవడం ఎలా కుదురుతుంది?

కంగారులో పాత వ్యాసాలన్నీ తీసేయడం, అన్నింటి మీదా సగం రేటు బోర్డు పెట్టడం కూడా వద్దనుకున్నాం. ప్రకటనల విషయంలో మాత్రం లెక్క వేసుకున్నాం. ఒక పెనం మీద అన్నీ పోను 250 రూపాయలు మిగిలితే, ఆ ఒక్క ఆర్డర్ తెచ్చుకోడానికి ప్రకటనకి 180 అయితే, చేతికొచ్చేది 70. అదీ వస్తువు వెనక్కి రాకపోతే. అందుకని కొనే మాటల మీద మాత్రమే, రోజుకి చిన్న మొత్తం, దీపావళి దాకా.

చేసినవి

సరుకు పేజీల్లో తనకి మాత్రమే తెలిసినవి రాసింది. పెనం బరువెంత, మందం ఎంత, అడుగు ఎంత వెడల్పు, ఇండక్షన్ మీద పనిచేస్తుందా, ఇద్దరు మనుషులున్న ఇంటికి ఏది సరిపోతుంది, మణికట్టు నొప్పి ఉన్నవాళ్ళు ఏది కొనకూడదు. పక్కన చెయ్యి పెట్టి తీసిన ఫొటో. ఇవన్నీ కస్టమర్లు వాట్సాప్‌లో అడుగుతూ వచ్చిన ప్రశ్నలే. ఆరేళ్ళుగా జవాబులు చాట్లలో పడి ఉన్నాయి, పేజీలోకి ఎక్కలేదు. ఆ పెనాన్ని చేత్తో పట్టుకుని చూసినవాళ్ళు తప్ప ఇవి ఇంకెవరూ ముందుగా రాయలేరు.

ఒకే సంగతిని అటూ ఇటూ తిప్పి రాసిన పదకొండు వ్యాసాల్ని మూడు చేసింది. వాటిలో తన ఇంట్లో రోజూ వాడే పెనం మొదటి రోజు, నెలకి, ఏడాదికి ఎలా మారిందో ఫొటోలు పెట్టింది. కళాయి వేసే ఆయన పని చేస్తుంటే నిమిషంన్నర వీడియో తీసింది.

అన్నింటికంటే ముఖ్యమైనది ఒక చీటీ. ప్రతి పార్సిల్‌లో పోస్ట్‌కార్డంత కాగితం. ఒక వైపు పెనం ఎలా చూసుకోవాలో ఆరు లైన్లు. రెండో వైపు, "తుప్పు పట్టిందా? దోసె అంటుకుంటోందా? ఫొటో తీసి పంపండి" అని షాపు వాట్సాప్ నంబరు. ఆరేళ్ళలో వేలమంది కొన్నారు. వాళ్ళ నంబర్లు బిల్లుల్లో ఉన్నాయి. కానీ వాళ్ళలో ఒక్కరి ఫోన్‌లోనైనా షాపు నంబరు సేవ్ అయి ఉందా అంటే, తెలీదు. వాట్సాప్ బ్రాడ్‌కాస్ట్ లిస్ట్‌లో ఒక్కోదానికి 256 మందే పడతారు, అదీ మీ నంబర్ సేవ్ చేసుకున్నవాళ్ళకే మెసేజ్ చేరుతుంది. మొదట్లో అది అడ్డంకి అనిపించింది. తర్వాత ఆలోచిస్తే అదే మంచిది. మన మాట వినాలనుకున్నవాళ్ళకే వెళుతుంది. నెలకి రెండే మెసేజ్‌లు, అడిగి ఒప్పుకున్నవాళ్ళకే. రోజూ గుడ్ మార్నింగ్ పువ్వులు పంపితే బ్లాక్ చేయడానికి ఎంతసేపు?

గూగుల్‌నీ పూర్తిగా వదల్లేదు. గూగుల్ మ్యాప్స్‌లో కనబడే బిజినెస్ ప్రొఫైల్ ఉచితమే. ఊళ్ళో ఉండి ఊరివాళ్ళకి కనబడకుండా ఆరేళ్ళు గడిపింది. ఇప్పుడు కాకినాడ నుంచి కూడా కారేసుకుని వచ్చి బరువు చూసి కొంటున్నారు. కార్తీక మాసంలో అపార్ట్‌మెంట్ల వాళ్ళు పెట్టే స్టాల్స్‌లో రెండు ఆదివారాలు బల్ల వేసింది.

ఇన్‌స్టాగ్రామ్ ఉంది కదా అంటారు. వాడండి. కానీ అదీ అద్దిల్లే. ఓనర్ మారాడంతే. అక్కడ మిమ్మల్ని చూసినవాళ్ళు ఎప్పటికో ఒకప్పటికి మీ నంబర్ సేవ్ చేసుకుంటేనే మీవాళ్ళు.

ఇప్పుడెలా ఉంది?

అన్నీ సర్దుకున్నాయి అని రాయగలిగితే నాకూ బాగుండేది. మళ్ళింపులు పెట్టాక వారం పది రోజులు ఏమీ కదల్లేదు. దీపావళి నాటికి సరుకు పేజీలు చాలావరకు పాత స్థానాలకి వచ్చాయి. ఆర్డర్లు రోజుకి తొమ్మిది, పది. వ్యాసాలకి వచ్చే జనం మాత్రం రాలేదు. వస్తారని నేను చెప్పలేదు, తనూ అడగడం మానేసింది.

మధ్యలో ఆ ఐదు వారాలు ఊరికే గడవలేదు. పెనాలు పోతపోసే వాళ్ళకి ఇవ్వాల్సిన డబ్బు రెండు విడతలు చేయించుకుంది. ప్యాకింగ్‌కి వచ్చే ఇద్దరినీ కూర్చోబెట్టి ఉన్నదున్నట్టు చెప్పింది. మానిపించలేదు కానీ నెల రోజులు ఒకరు పొద్దున, ఒకరు సాయంత్రం వచ్చారు. సగం జీతం. ఆ మాట చెప్పడానికి ముందు రోజు రాత్రి తను నాకు ఫోన్ చేసింది. లింకులు మళ్ళించడం ఎలాగో నాకు తెలుసు, ఆ మాట ఎలా చెప్పాలో నాకూ తెలియలేదు. 'జనం తగ్గారు' అనే గ్రాఫ్ కింద ఇలాంటి సంభాషణలుంటాయి.

ఐదేళ్ళ క్రితం నేను చెప్పిన సలహా సగమే. గూగుల్ జనాన్ని తెస్తుందని చెప్పాను. తెచ్చినప్పుడే వాళ్ళ పేరు, ఊరు కనుక్కుని, మళ్ళీ పిలిస్తే పలికేలా ఉంచుకోమని చెప్పలేదు. జనం బాగా వస్తున్నప్పుడే ఆ పని చేయాలి. అప్పుడు ఎవరికీ తోచదు, నాకూ తోచలేదు.

మీకు ఆన్‌లైన్ వ్యాపారం ఉంటే, ఇవాళ రాత్రి ఇన్‌స్టా తెరిచేముందు ఒక్క పని చేయండి. మీ ఆఖరి వంద ఆర్డర్లు తీయండి. ఒక్కోదాని పక్కన అది ఎలా వచ్చిందో రాయండి. గూగుల్, ఇన్‌స్టా, ఎవరో చెప్పారు, పాత కస్టమర్. ఏ ఒక్క దారి నుంచో యాభై దాటితే, రేపు పొద్దున ఆ దారి మూసేస్తే ఏం చేస్తారో ఇప్పుడే ఆలోచించండి. చేతిలో మూడు నెలల ఖర్చులకి డబ్బుందో లేదో కూడా అదే కాగితం మీద రాసుకోండి.

మొన్న చెల్లెలు ఒక స్క్రీన్‌షాట్ పంపింది. సెర్చ్ కన్సోల్‌ది కాదు. వరంగల్ నుంచి ఎవరో పెనం ఫొటో పెట్టి, "అక్కా, తుప్పు పట్టింది, ఏం చేయను?" అని అడిగారు. గూగుల్‌లో ఒక్క సెకన్‌లో దొరికే జవాబే. అయినా తననే అడిగారు. తను వాయిస్ మెసేజ్‌లో నిదానంగా చెప్పింది. చివర్లో వాళ్ళు, "మా ఆడపడుచుకి కూడా ఒకటి కావాలట, రేటెంత?" అన్నారు.